కీళ్ళవాతానికి తిప్పతీగ, పసుపు, రేకీ: వాడేముందు చూసుకోవాల్సినవి

రుమటాయిడ్ కీళ్ళవాతమో, లూపసో, హాషిమోటో థైరాయిడో ఉందని తేలగానే మనకు ముందు వచ్చే సలహా "ఇమ్యూనిటీ పెంచుకో అమ్మా" అని. మన జబ్బుకు ఆ సలహా పనికిరాదు. మన రోగనిరోధక శక్తి తగ్గలేదు, దారితప్పి సొంత ఒంటి మీదే పడుతోంది. దాన్ని ఇంకా రెచ్చగొట్టే మూలికలు మనకొద్దు.

నాది కీళ్ళవాతమే. రోగనిరోధక శక్తి దూకుడు తగ్గించే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారి వేసుకుంటాను, తోడుగా ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్. ఆ మందుతో కాలేయం దెబ్బతినే అవకాశం ఉంది కాబట్టి రక్తపరీక్షలు తప్పవు. అందుకే ఎవరు ఏ ఆకు తెచ్చిచ్చినా రెండే చూస్తాను: ఇది ఇమ్యూనిటీని రేపుతుందా, కాలేయానికి బరువవుతుందా?

తిప్పతీగ ఈ రెండు చోట్లా అనుమానమే. కోవిడ్ రోజుల్లో హైదరాబాద్‌లో మా సనత్‌నగర్‌లో ఇంటింటా దాని కషాయం కాచారు. 2021లో ముంబై వైద్యులు ఆ కషాయాలు తాగి కాలేయం వాచినవాళ్ళ గురించి రాశారు, ఆ వాపు సొంత రోగనిరోధక శక్తే కాలేయం మీద పడే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉందన్నారు. ఆయుర్వేదం లాంటి వైద్యాలను చూసే కేంద్ర ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది అలాంటిదే వేరే తీగ అయి ఉండొచ్చంది. ఆ వాదన తేలేదాకా నేను దాన్ని ముట్టను. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను పెంచగలదు, థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకండి.

పప్పులో, చారులో వేసే పసుపుకు భయం లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్ వేరు. ఆ సారం వల్ల ఒంటికి పట్టే మోతాదు బాగా పెరుగుతుంది, దాంతో కాలేయం చెడినవాళ్ళున్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మరీ జాగ్రత్త.

అన్నిటికన్నా నాకు భయం పేరులేని పొడి. పొట్లంలో కట్టిస్తారు, రెండు మూడు రోజుల్లో వాపు దిగిపోతుంది, ప్రాణం లేచొస్తుంది. అంత తొందరగా తగ్గితే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. చాన్నాళ్ళుగా తింటుంటే ఒక్కసారిగా మానేయకూడదు, అప్పటికి ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ మందగించి ఉంటుంది. పొట్లంతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు, వాటి జోలికి పోవద్దు.

ఆయుర్వేదం చూపించుకోవాలనుంటే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. మీ ఇంగ్లీషు మందుల చీటీ తీసుకెళ్ళి, ఇచ్చే ప్రతి మందు పేరూ రాయించుకోండి. ఆ కాగితం మీ కీళ్ళ డాక్టర్‌కు చూపించి, లివర్ పరీక్ష చేయించాకే మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్క మందే. పొద్దున లేచాక వేళ్ళు ఎంతసేపటికి వదులవుతున్నాయో రోజూ నోట్‌బుక్‌లో రాసుకోండి.

రేకీ నేను చేయించుకుంటాను. చేతులు ఆనించి ఒంట్లోకి శక్తి పంపుతామనే ఈ పద్ధతిని 1920ల్లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టాడు. ఆ శక్తిని ఏ పరికరమూ కొలిచి చూపలేదు, కీళ్ళ అరుగుదలను అది ఆపుతుందనీ నేను చెప్పను. కానీ అమీర్‌పేట్‌లో నాకు చేసే అక్క దగ్గర కళ్ళు మూసుకుని పడుకున్న రోజు రాత్రి నిద్ర పడుతుంది, నిద్రపట్టిన మర్నాడు నొప్పి ఓర్చుకోగలుగుతాను. నాకు అది చాలు. మాత్రలు ఆపేయమన్నా, నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమన్నా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఏ మూలిక వాడుతున్నా కళ్ళు పచ్చబడినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, అన్నం చూస్తే వికారం పుట్టినా దాన్ని వెంటనే ఆపి, ఆ రోజే డాక్టర్‌కు చూపించి లివర్ పరీక్ష చేయించుకోండి.