సరళరేఖ సమీకరణం తప్పితే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

రెండు బిందువుల నుంచి సరళరేఖ సమీకరణం రాయడం పదో తరగతి దాటిన వారికి వచ్చు కనుక సూత్రాలను ఇక్కడ వల్లించడం లేదు. జవాబు కలవలేదనగానే చాలామంది లెక్కంతా కొట్టివేసి మళ్లీ మొదలుపెడతారు. అంతకంటే ముందు, ఇచ్చిన రెండు బిందువులనూ వచ్చిన సమీకరణంలో ప్రతిక్షేపించి చూడాలి. అర నిమిషం పట్టని ఈ పనిని చాలామంది చేయరు; చేసినవారు కూడా ఒక్క బిందువుతో సరిపెట్టుకుంటారు.

సమస్య: ఒక బిందువు సరిపోతుంది, రెండవది సరిపోదు.
వాలు, అంటే ఎక్స్ ఒకటి పెరిగితే వై ఎంత మారుతుందో చెప్పే సంఖ్య, తప్పింది. లవంలో రెండవ వై నుంచి మొదటి వైని, హారంలో మొదటి ఎక్స్ నుంచి రెండవ ఎక్స్‌ను తీసివేస్తే గుర్తు తారుమారవుతుంది. ఆ తప్పు వాలుతోనే మొదటి బిందువును వాడి అంతరఖండం (ఎక్స్ = 0 వద్ద వై విలువ) రాబడతారు కాబట్టి ఆ బిందువు ఎలాగూ సరిపోతుంది. తీసివేత వరుస పైనా కిందా ఒకటే ఉండాలి.

సమస్య: రెండు బిందువులూ సరిపోవు, కానీ తేడా రెండుచోట్లా ఒక్కటే.
అసలు ఏమార్చేది ఇదే. కాలువకు నీళ్లు కట్టేశాక లాకుల దగ్గరి గేజి ఉదయం 6 గంటలకు 140 సెంటీమీటర్లు, 10 గంటలకు 120 సెంటీమీటర్లు చూపిందనీ, మట్టం ఒకే తీరున తగ్గుతోందనీ అనుకుందాం. ఎక్స్ గడియారపు గంట, వై నీటిమట్టం. వాలు −20/4, అంటే −5. ఇంతవరకు సరిగానే చేస్తారు. తర్వాత, పట్టికలో మొదట కనిపించిన 140ని అంతరఖండంగా వేసి వై = −5ఎక్స్ + 140 అని రాసేస్తారు. పాఠ్యపుస్తకాల్లో పట్టికలు తరచుగా ఎక్స్ = 0తో మొదలవుతాయి కనుక ఈ అలవాటు అక్కడే పడుతుంది. ప్రతిక్షేపిస్తే 6 వద్ద 110, 10 వద్ద 90 వస్తాయి; రెండుచోట్లా 30 తక్కువ. తేడా సమానంగా ఉందంటే రేఖ అసలు రేఖకు సమాంతరంగా ఉందని, అంటే వాలు సరైనదేనని అర్థం, దాన్ని ముట్టుకోకూడదు. అంతరఖండం అంటే ఎక్స్ = 0 వద్ద, ఇక్కడైతే అర్ధరాత్రి 12 గంటలకు, ఈ రేఖ చూపే విలువ. దాన్ని సి అనుకుంటే, 140 = −5 × 6 + సి నుంచి సి = 170; కాబట్టి వై = −5ఎక్స్ + 170. గంటలను 6 నుంచి లెక్కపెట్టి ఉంటే మాత్రం 140 సరైనదే, కనుక ఎక్స్ ఎక్కడ మొదలవుతుందో ముందే రాసుకోవాలి.

ఎక్స్ నిరూపకాలు రెండూ ఒకటైతే అది నిలువు రేఖ; వాలు కోసం వెతక్కుండా ఎక్స్ = ఆ సంఖ్య అని రాయాలి. జవాబుల పేజీలో 5ఎక్స్ + వై − 170 = 0 అని కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, అది పై సమీకరణమే.