యాప్ సతాయిస్తోందా? ప్లాట్‌ఫామ్ మార్చే ముందు ఇవి చూడండి

"అన్నా, ఫ్లటర్‌ల చేసింది సరిగ్గ నడుస్తలేదు, కోట్లిన్‌ల మళ్ల రాద్దామా?" నల్లగొండ, మహబూబ్‌నగర్ పిల్లలు తరచూ అడిగే మాట ఇది. ఫ్లటర్‌లో ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటికీ యాప్ చేయొచ్చు, కోట్లిన్ ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష. ఇలా యాప్ రాసే పద్ధతినే ఇక్కడ ప్లాట్‌ఫామ్ అంటున్నా. చాలాసార్లు తప్పు ప్లాట్‌ఫామ్‌ది కాదు.

సమస్య: స్క్రీన్ జరుపుతుంటే పట్టిపట్టి కదులుతోంది

మీరు చూస్తున్నది బహుశా డీబగ్ బిల్డ్, అంటే రాసేటప్పుడు తప్పులు వెతుక్కోవడానికి వాడే యాప్ రూపం. అందులో డార్ట్ (ఫ్లటర్ భాష) కోడ్ నడుస్తూ నడుస్తూ కంపైల్ అవుతుంది, అంటే ఫోన్‌కు అర్థమయ్యే మెషీన్ కోడ్‌గా మారుతుంది. జనానికి ఇచ్చే రిలీజ్ బిల్డ్‌లో ముందే మెషీన్ కోడ్ అయిపోయి ఉంటుంది. ఒక పాత ఫోన్‌లో రిలీజ్ బిల్డ్ వేసి చూడండి. వేగం కొలవాలంటే ప్రొఫైల్ మోడ్ వాడండి, అదీ అసలు ఫోన్‌లోనే. రియాక్ట్ నేటివ్ అనే ఇంకో ప్లాట్‌ఫామ్‌కూ అంతే, రిలీజ్ బిల్డ్‌లోనే చూడాలి. ఈ ఒక్కటి చూడకుండా ప్లాట్‌ఫామ్ మార్చొద్దని ఎన్నిసార్లు చెప్పానో.

సమస్య: బ్లూటూత్ ప్రింటర్‌లో తెలుగుకు బదులు ప్రశ్నార్థకాలు

దీంతో నేను బాగా దెబ్బతిన్నాను. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లుకు వడ్ల కాంటా చీటీ యాప్ ఫ్లటర్‌లో చేసిన. లారీ నంబరు, బస్తాలు, తూకం శుభ్రంగా పడ్డాయి. రైతు పేరు దగ్గర మాత్రం వరుసగా ప్రశ్నార్థకాలు. ప్రింటర్‌తో కలిపే ప్లగిన్ (రెడీమేడ్ కోడ్) తప్పనుకొని ఇంకోటి వేసిన, తర్వాత ఇంకోటి. చివరికి మొత్తం కోట్లిన్‌లో మళ్ల రాసిన. రెండు నెలలు పట్టింది. సేటు ముందు చీటీ కొడితే అవే ప్రశ్నార్థకాలు.

యాప్ పంపేది బైట్లు (అంకెల సంకేతాలు) మాత్రమే, అక్షరం గీసేది ప్రింటర్. చవక థర్మల్ ప్రింటర్లు తమ లోపలి పట్టికలో ఉన్న అక్షరాలే గీస్తాయి, అందులో తెలుగు ఉండదు. ఉన్నా 'లక్ష్మయ్య'లో క కింద ష, దాని కింద మ పేర్చే తెలివి వాటికి లేదు. అది ఫోన్‌కు ఉంది.

కాబట్టి చీటీని ఫోన్‌లోనే బొమ్మగా గీసి పంపండి. 58 మిల్లీమీటర్ల ప్రింటర్‌కు వెడల్పు సాధారణంగా 384 చుక్కలు, 80 దానికి 576. నోటో సాన్స్ తెలుగు బోల్డ్ ఫాంట్ పెట్టండి, సన్న గీతలైతే వొత్తులు చెదిరిపోతాయి. బొమ్మను నలుపు తెలుపులకు మార్చి ముక్కలుముక్కలుగా పంపండి, ఒకేసారి పంపితే ప్రింటర్ బఫర్ (తాత్కాలిక మెమరీ) నిండి చీటీ సగంలో పాడవ్వొచ్చు. ఫ్లటర్‌లోనైనా, కోట్లిన్‌లోనైనా పని ఇదే.

అనుమానముంటే ప్రింటర్‌తో వచ్చిన డెమో యాప్‌లో ఒక తెలుగు పేరు కొట్టి చూడండి. అక్కడా ప్రశ్నార్థకాలే పడితే మీ కోడ్ జోలికి పోవద్దు. ఐదు నిమిషాల పని, నేను చేయలేదు.

ఆండ్రాయిడ్ 12, ఆ పై ఫోన్లలో అసలు ప్రింటరే కలవకపోతే, దగ్గరలోని పరికరాల అనుమతి యాప్ అడుగుతోందో లేదో చూడండి.

మిగతావి

కాంటాను యాప్‌కు కలపడానికి కంపెనీ ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (రెడీమేడ్ కోడ్ కిట్) ఒక్కటే ఇచ్చిందా? ఆ ముక్క వరకే కోట్లిన్‌లో రాసి ప్లాట్‌ఫామ్ ఛానెల్‌తో (రెండు కోడ్‌ల మధ్య మాటలు మోసే ఏర్పాటు) ఫ్లటర్‌కు కలపండి. మైక్రోసాఫ్ట్ పాత ప్లాట్‌ఫామ్ జామరిన్‌లో ఉన్న యాప్ అయితే మాత్రం మార్చాల్సిందే, మైక్రోసాఫ్ట్ 2024 మే 1న దాని సపోర్ట్ ఆపేసింది. ఐఫోన్‌కూ కావాలంటే ఏ ప్లాట్‌ఫామ్‌లో రాసినా బిల్డ్ చేయడానికి మ్యాక్ కావాలి, ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. ప్లే స్టోర్‌కైతే ఒక్కసారి 25 డాలర్లు.