ఉగ్గు పిండి మర పట్టించే ముందు

పాలూ సోయా రెండూ పడని బిడ్డకు 6 నెలలు నిండి ఉగ్గు మొదలుపెట్టేటప్పుడు, పెరుగును, నెయ్యిని దూరం పెడతాము గానీ పిండి మరను అనుమానించము. మా కందుకూరులో చాలామంది గోధుమలలో గుప్పెడు సోయా గింజలు కలిపి మర పట్టిస్తారు. వారి వెనుకే మన రాగులు పోస్తే, మర గుడ్డ గొట్టంలో మిగిలిన ఆ పచ్చని పిండి ముందుగా మన డబ్బాలోనే పడుతుంది. మా అమ్మాయికి దద్దుర్లు ఎందుకు తగ్గలేదో ఆ గొట్టం దులపడం చూసిన రోజున గాని నాకు తోచలేదు. అందుచేత రాగులను కడిగి, ఎండబెట్టి, దోరగా వేయించి, ఇంట్లో మిక్సీలోనే పట్టి, పలుచని బట్టతో జల్లించి, నీళ్లతోనే జావ కాచి, నెయ్యికి బదులు కొద్దిగా కొబ్బరినూనె కలపడం మేలు. తల్లిపాలు మాత్రం మాన్పించకూడదు; తల్లి ఆహారంలో ఏవి ఆపాలో వైద్యులే చెప్పాలి. ఆవుపాలు పడకపోతే మేకపాలు పట్టమని పెద్దలు ప్రేమగానే అంటారు, కానీ వాటి మాంసకృత్తులు దాదాపు ఒకే తీరువి కనుక అవీ పడకపోవచ్చు. కొత్త పదార్థాన్ని ఒక్కొక్కటిగా, మూడేసి రోజుల ఎడంతో, పగటిపూటే రుచి చూపించాలి. ముఖం ఉబ్బినా, ఊపిరి కష్టమైనా వెంటనే 108కు ఫోన్ చేయాలి.