కంటిని చదువుకుందాం – 4వ పాఠం: లెన్స్ మసకబారే తీరు

పోయిన పాఠంలో చత్వారం చూశాం. 40 దాటాక లెన్స్ బిరుసెక్కుతుంది, అందుకే పేపరు దూరంగా పట్టుకుంటాం. ఆ లెన్సే తర్వాత శుక్లం దాకా ఎలా వెళ్తుందో ఇవాళ తెలుసుకుందాం.

మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది "కంట్లో పొర కమ్మింది" అంటారు. ఉర్దూ మాట్లాడేవాళ్లు మోతియాబింద్ అంటారు. పొర అనగానే కంటిమీద ఏదో పెరిగిందని, చుక్కలమందుతో కరుగుతుందని అనిపిస్తుంది. నిజానికి పైన ఏదీ పెరగదు. కంటిపాప వెనకున్న లెన్సే మసకబారుతుంది. దాన్ని కరిగించే చుక్కలమందు లేదు.

చర్మం పాత కణాలను రాల్చేస్తుంది, లెన్స్ రాల్చుకోలేదు. అది సన్నని సంచిలో మూసి ఉంటుంది. కొత్త పోగులు ఉల్లిగడ్డ రేకుల్లా బయటినుంచి చుట్టుకుంటుంటే పాతవి లోపలికి నొక్కుకుపోతాయి. నడిమధ్యవి మనం తల్లి కడుపులో ఉన్నప్పటివి! వాటిలోని క్రిస్టలిన్ ప్రోటీన్లు ఒద్దికగా సర్దుకుని ఉన్నన్నాళ్లూ వెలుగు సూటిగా పోతుంది. వయసుకు ఎండ, పొగతాగడం, షుగరు, ఏళ్లతరబడి వాడిన స్టెరాయిడ్లు తోడైతే అవి గడ్డకట్టి వెలుగును చెదరగొడతాయి.

ఇందులో ఒక లక్షణం మనల్ని మోసం చేస్తుంది. మా నాన్న 68వ ఏట అద్దాలు తీసేసి క్యాలెండరులో తిథి చదివారు. "చూపు తిరిగొచ్చింది" అని ఆయన మురిసిపోతే మేమూ మురిసిపోయాం. లెన్స్ నడిమి భాగం గట్టిపడి పవర్ పెరిగిందని, అందుకే దగ్గరిచూపు వచ్చిందని మాకప్పుడు తెలియదు. బస్సు నంబరు మాత్రం పక్కవాళ్లను అడిగేవారు. ఏడాది తిరక్కుండానే తిథి కూడా కనబడలేదు. ఆ ఏడాది ఊరికే పోయిందన్న బాధ నాకింకా ఉంది.

ఇక అభ్యాసం. పగటి వెలుతురులో, దూరపుచూపు అద్దాలుంటే పెట్టించి, గోడ క్యాలెండరుకు 6 అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. ఒక కన్నును అరచేత్తో మూయించండి, కనుగుడ్డును నొక్కనివ్వకండి. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను రెండోదాని లోటును కప్పేస్తుంది. చదవగలిగిన అతిచిన్న అక్షరం ఏదో ఒక్కో కంటికి విడిగా రాసుకోండి. తర్వాత తెల్లకాగితం చూపించి, ఏ కంటికైనా పసుపుపచ్చగా కనబడుతోందా అడగండి. రాత్రి ఎదురుబండి లైట్లు విచ్చుకుపోతున్నాయా అనీ అడగండి. వీటిలో తేడా కనిపిస్తే కంటి డాక్టరుకు చూపించాలి. కన్ను ఎర్రబడి, నొప్పితో చూపు ఒక్కసారిగా తగ్గితే మాత్రం శుక్లమని ఆగకండి, ఆ రోజే వెళ్లండి.

"ముదరనివ్వండి, అప్పుడు తీయించుకోవచ్చు" అనే సలహా పాతకాలంది. ఇప్పుడు 3 మిల్లీమీటర్లలోపు గాటు పెట్టి, అల్ట్రాసౌండ్‌తో లెన్స్‌ను ముక్కలుచేసి లాగేస్తారు. బాగా ముదిరి రాయిలా అయ్యాక అది కష్టమవుతుంది. వంటకో, చదువుకో, నడకకో చూపు అడ్డుపడుతుంటే తీయించుకునే వేళైనట్టే.

ఈ వారం ఇంట్లో 60 దాటినవాళ్లందరికీ ఈ పరీక్ష చేసి, తేదీ వేసి రాసిపెట్టండి. 5వ పాఠంలో, తీసేసిన లెన్స్ స్థానంలో పెట్టే కృత్రిమ లెన్స్ పవర్‌ను ఎలా లెక్కకడతారో చూద్దాం.