వింటర్‌గ్రీన్ టీ చప్పగా రాకుండా ఉండాలంటే

ఉత్తర అమెరికా తూర్పు అడవులలో జానెడు ఎత్తుకు మించకుండా పెరిగి, మంచు కాలంలోనూ పచ్చగా ఉండే వింటర్‌గ్రీన్ ఆకులను అక్కడి మూలవాసులు ఒళ్లు నొప్పులకు టీగా కాచుకొని తాగేవారు. అయితే ఆకులపై వేడినీళ్లు పోసి పది నిమిషాలు ఉంచినంత మాత్రాన, నొప్పుల మలాములలో మనకు పరిచయమైన ఆ ఘాటు దాదాపుగా దిగదు.

కడిగిన తాజా ఆకులను గాజు సీసాలో వదులుగా నింపి, కాచి చల్లార్చిన నీటిని అవి మునిగేదాకా పోసి, మూత బిగించకుండా వెచ్చని చోట 2 నుంచి 3 రోజులు ఉంచి, సన్నని బుడగలు కనిపించాక వడకట్టుకోవాలి. నాకు మూడో రోజు రుచే నచ్చింది. తాగేముందు సన్నని సెగపై వెచ్చబెడితే చాలు, మరిగిస్తే పరిమళమంతా ఆవిరితో పోతుంది. మిగిలిన ఆకులను ఆరబెట్టి మరోసారి వాడుకోవచ్చు.

బూజు పట్టినా, దుర్వాసన వచ్చినా పారబోయాలి. ఇందులోని సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి పదార్థం కనుక, ఆస్పిరిన్ పడనివారు, రక్తం పలుచబరిచే మందులు వాడేవారు, గర్భిణులు, పిల్లలు దీనిని తాగకూడదు. వింటర్‌గ్రీన్ తైలాన్ని మాత్రం ఎవరూ నోట వేసుకోకూడదు. ఒక్క టీస్పూను కూడా పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు.