వాడిన ఫోన్లను ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో అమ్మే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

తిరిగి అమ్మడానికి వాడిన ఫోన్ కొనేటప్పుడే *#06# నొక్కి, తెరపై కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను (ఫోన్‌ను గుర్తించే ప్రత్యేక సంఖ్య) బిల్లుపైనా పెట్టెపైనా ఉన్న సంఖ్యతో సరిపోల్చుకోవాలి. అవి కలవకపోతే, ధర ఎంత ఊరించినా ఆ ఫోన్‌ను వదిలేయడమే మంచిది. అది దొంగసొత్తని తర్వాత తేలితే జవాబు చెప్పుకోవలసింది మీరే.

పాత యజమాని ఫోన్‌లోని తన ఖాతా నుంచి సైన్ అవుట్ అయిన తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ (ఫోన్‌లోని సమాచారమంతా చెరిపివేయడం) చేయించాలి. ఈ వరుస తప్పితే, రీసెట్ అయ్యాక కూడా ఫోన్ ఆయన పాస్‌వర్డ్‌నే అడగవచ్చు, అప్పటికి ఆయన మీకు దొరుకుతారన్న నమ్మకం లేదు.

బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను పార్శిల్‌లో పంపకూడదు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ మంట అంటుకునే ప్రమాదం ఉంది.

గీతలను, సొట్టలను దగ్గరగా ఫొటో తీయడమే కాక వివరణలోనూ రాయాలి. ఇంట్లో తీసే ఫొటోలలో మీ చిరునామాను పట్టించే స్థల సమాచారం నమోదు కావచ్చు గనుక, కెమెరాలో లొకేషన్‌ను ముందే ఆపివేయాలి.

ప్యాక్ చేస్తున్నప్పుడు ఐఎంఈఐ సంఖ్య కనబడేలా వీడియో తీసి భద్రపరచాలి. కొనుగోలుదారు పంపిన స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా, డబ్బు ఖాతాలో జమ అయిందని స్వయంగా చూసుకున్న తర్వాతే సరుకు పంపాలి. డబ్బు అందుకోవడానికి ఓటీపీని ఎవరికీ చెప్పనక్కరలేదు.