యాప్ ఉంది, వాడేవాళ్లు లేరు: లోపం ఎక్కడుందో వెతకడం ఎలా?

చిన్న రైతులకో చిన్న వ్యాపారులకో చేసిన యాప్ నడవకపోతే, తయారుచేసినవాళ్ల నోట ముందుగా వచ్చే మాట "వాళ్లకు టెక్నాలజీ అలవాటు లేదండీ" అని. ఇది ఆడలేక మద్దెల ఓడనడమే. ఆ మనిషే అదే ఫోన్‌లో వీడియోలు చూస్తాడు, వాయిస్ మెసేజ్‌లు పంపుతాడు. అందుకే శిక్షణ తరగతులు పెట్టే ముందు ఫోన్, సిగ్నల్, సర్వర్ వరుసగా చూడండి. ఒక చవక ఫోన్ తీసుకుని సిగ్నల్ సరిగా అందని చోట కూర్చుంటే కింద చెప్పినవి చాలావరకు మీ కళ్లముందే బయటపడతాయి.

సమస్య: ఇన్‌స్టాల్ చేసుకున్నారు, కొన్నాళ్లకు తీసేశారు

కారణం: చాలాసార్లు ఫోన్‌లో చోటు లేకపోవడమే. చవక ఫోన్ మెమరీలో పెద్ద భాగం ఆపరేటింగ్ సిస్టమ్‌కే పోతుంది, మిగిలింది ఫొటోలు, వీడియోలు తినేస్తాయి. "స్టోరేజ్ నిండింది" అని ఫోన్ హెచ్చరించగానే వారానికోసారి తెరిచే యాప్ మీదే ముందు వేటు పడుతుంది.

పరిష్కారం: డౌన్‌లోడ్ సైజు ఒక్కటే చూసుకుంటే చాలదు. నెల వాడాక యాప్ ఎంత ఉబ్బిందో చూడండి. యాప్ తనలో దాచుకున్న బొమ్మలకు ఒక హద్దు పెట్టి, దాటితే పాతవి వాటంతటవే పోయేలా చేయండి. బ్రౌజర్‌లోనే తెరుచుకుని, సిగ్నల్ లేకపోయినా పనిచేసే వెబ్ యాప్ సరిపోయే చోట అసలు ఇన్‌స్టాల్ అడగకండి.

సమస్య: రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతున్నారు

ఈమెయిల్ అడుగుతున్నారా? ముందు అది తీసేయండి. ఆ తర్వాత ఓటీపీ సంగతి. ఒక ఫోన్ ఇంట్లో ముగ్గురు వాడతారు. సిమ్ ఒకరి దగ్గర, ఫోన్ ఇంకొకరి దగ్గర ఉంటుంది. నంబర్ కూడా తరచూ మారుతుంది. ఖాతాను ఫోన్ నంబర్‌కే కట్టేస్తే, నంబర్ మారిన రోజు యాప్‌లో రాసుకున్న అప్పుల, జమాఖర్చుల పద్దులన్నీ పోయినట్టే. ఖాతాకు సొంత గుర్తింపు ఇచ్చి, నంబర్‌ను మార్చుకోదగ్గ వివరంగా మాత్రమే ఉంచండి. ఒకే ఫోన్‌లో వేర్వేరు పిన్‌లతో ఇద్దరు ముగ్గురు వాడుకునే వీలు ఉండాలి. అప్పుల పద్దు ఇంట్లో అందరూ చూడాలని ఎవరూ అనుకోరు. ఇక పేరు, ఊరు అడిగే ముందే యాప్‌ను ఒకసారి వాడి చూడనివ్వండి.

సమస్య: రాసిన పద్దు రెండుసార్లు పడుతోంది, లేదా మాయమవుతోంది

నమ్మకం పోయేది ఇక్కడే. బటన్లు ఎంత అందంగా ఉన్నా, లెక్క ఒక్కసారి తప్పితే మళ్లీ నోట్‌బుక్ తీస్తారు. తీయాలి కూడా.

రెండుసార్లు పడటానికి కారణం: ఫోన్ పంపింది సర్వర్‌కు చేరింది, "అందింది" అన్న జవాబు దారిలో పోయింది. జవాబు రాలేదని ఫోన్ మళ్లీ పంపింది. పరిష్కారంగా, ప్రతి పద్దుకూ ఫోన్‌లోనే, రాసిన క్షణంలోనే, మరెక్కడా రాని ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వండి. అదే సంఖ్యతో రెండోసారి వస్తే సర్వర్ కొత్త పద్దు వేయకుండా "అందింది" అని మాత్రం చెప్పాలి.

మాయమవడానికి కారణం: ఇద్దరు రెండు ఫోన్లలో ఒకే బాకీని మార్చారు, చివర చేరింది మొదటిదాన్ని చెరిపేసింది. దీనికి మందు పాత చిట్టా పద్ధతిలోనే ఉంది. బాకీ మొత్తాన్ని దిద్దకండి. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ వేర్వేరు పద్దులుగా కిందకి చేర్చుకుంటూ పోండి, మొత్తం ఆ పద్దుల్లోంచే లెక్కకట్టండి. తప్పు పడితే చెరపడం కాదు, దాన్ని రద్దు చేసే ఇంకో పద్దు వేయాలి.

ఇంకో చిక్కుంది. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వెనకాల నడిచే పనుల్ని ఆపేస్తాయి, సింక్ (ఫోన్‌లోని పద్దులు సర్వర్‌కు చేరడం) మొదలే కాదు. అందుకని యాప్ తెరవగానే ఒకసారి సింక్ జరగాలి. ప్రతి పద్దు పక్కన "పంపాలి", "చేరింది" అని కనబడాలి. తిరుగుతూ ఉండే చక్రం ఎవరికీ ఏమీ చెప్పదు.

సమస్య: సిగ్నల్ ఉంది, మిగతావి పనిచేస్తున్నాయి, మన యాప్ మాత్రం కనెక్ట్ కాదు

ఫోన్‌లో తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయాక తేదీ ఏళ్లు వెనక్కి పోయే ఫోన్లున్నాయి. అప్పుడు సర్వర్ సర్టిఫికెట్ (అది అసలైనదేనని చెప్పే డిజిటల్ పత్రం) "ఇంకా చెల్లదు" అని ఫోన్ తిప్పికొడుతుంది. తేదీ సరిగానే ఉంటే ఆండ్రాయిడ్ వెర్షన్ చూడండి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థను నమ్మడానికి ఫోన్‌లో ఉండాల్సిన రూట్ సర్టిఫికెట్ 7.1.1 కంటే పాతవాటిలో ఉండదు. మీ సర్వర్ సర్టిఫికెట్ వాళ్లదైతే చిక్కు ఇదే. ఆ ఫోన్లు కూడా నమ్మే సర్టిఫికెట్ తీసుకోవడమే దారి. "నెట్‌వర్క్ లోపం" అని చూపిస్తే టెన్షన్ తప్ప వాడేవాళ్లకు ఒరిగేదేం లేదు. "ఫోన్‌లో తేదీ సరిచేయండి" అని చూపించండి.

సమస్య: ఎస్సెమ్మెస్ ఖర్చు అనుకున్నదానికి రెండింతలైంది

ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 పడతాయి. తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే. సందేశం ఒకటి దాటితే ఒక్కో ముక్కకు అవి 153, 67కు తగ్గుతాయి. పైగా గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకొస్తాయి. "వర్షం" కంటికి రెండక్షరాలు, లెక్కకు ఐదు. ఇంగ్లిష్ సందేశంలో వంపు తిరిగిన కొటేషన్ గుర్తు ఒక్కటి దూరినా మొత్తం సందేశం 70 లెక్కలోకి పడిపోతుంది. పంపేముందు ఎన్ని ముక్కలవుతుందో సాఫ్ట్‌వేర్‌తోనే లెక్కపెట్టించండి. అసలు విషయం మొదట్లోనే ఉంచండి. చెప్పాల్సింది ఎక్కువుంటే వాయిస్ కాల్ మేలు. మిస్డ్ కాల్ ఇస్తే సర్వరే తిరిగి చేసేలా పెడితే వినేవాళ్లకు ఖర్చుండదు, చదవడం రానివాళ్లకూ అందుతుంది.

సమస్య: మామూలు కీప్యాడ్ ఫోన్లవాళ్లు అసలు రావడం లేదు

యాప్ అక్కర్లేని దారి వెతకండి. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా సిమ్ కార్డు మెనూతో, కీప్యాడ్ ఫోన్లలోనే నడిచింది. స్టార్, హాష్ నొక్కే యూఎస్‌ఎస్‌డీ మెనూకు డేటా అక్కర్లేదు. కానీ ఒక తెరకు ఇంగ్లిష్‌లో 182 అక్షరాలే, ఆలస్యమైతే మధ్యలో తెగిపోతుంది. కాబట్టి మెట్లు తక్కువ ఉండాలి, తెగినచోటి నుంచి మళ్లీ మొదలవ్వాలి.

సమస్య: ఉచితంగా ఉన్నప్పుడు వాడారు, డబ్బు అడగ్గానే మానేశారు

ధర ఎక్కువైందని వెంటనే తగ్గించకండి. ముందు గడువు చూడండి. పంట చేతికొచ్చినప్పుడే డబ్బు చూసే రైతును నెలనెలా కట్టమంటే కట్టలేడు. సీజన్‌కోసారి అడిగి చూడండి. వ్యాపారికి ఇంకో భయం ఉంటుంది: రేపు కట్టడం ఆపేస్తే తన లెక్కలు యాప్‌లోనే చిక్కుకుపోతాయని. డబ్బు కట్టినా కట్టకపోయినా పద్దులన్నీ ఒక ఫైల్‌గా దించుకునే బటన్ మొదటి వెర్షన్‌లోనే పెట్టి, అది ఎక్కడుందో డబ్బు అడిగే తెర మీదే చెప్పండి.